మగవాళ్ళ బట్టల మీద పీహెచ్‌డీ అంటే "అందులో ఏముంది" అంటున్నారు, మీరేమంటారు?

నల్లమల_చదువరి:
అందరికీ నమస్తే. ఎమ్మే హిస్టరీ అయిపోయింది, పీహెచ్‌డీకి టాపిక్ చూసుకుంటున్నా. నాకు మగవాళ్ళ వేషధారణ మీద చెయ్యాలని ఉంది, అంటే పంచె చొక్కాలే కాదు, తలపాగా, టోపీ, క్రాపు, మీసం, చెప్పులు, ఒంటి మీద కనపడేదంతా. ఇంటర్వ్యూలో ఒక సారు "చీరల మీద అయితే అర్థం ఉంది, మగాడి బట్టల్లో చరిత్ర ఏముంటది బాబూ" అన్నారు. అప్పట్నుంచి అదే ఆలోచన. గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ అంటే ఎవరికైనా చీరే గుర్తొస్తుంది, మగవాళ్ళు కట్టినవాటి గురించి మాత్రం ఎవరూ రాసిపెట్టినట్టు లేదు. దీని మీద సీరియస్‌గా పని చేసినవాళ్ళు ఉన్నారా, మన తెలుగు నేల మీద ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

శారద_లండన్:
ఉన్నారు తమ్ముడూ, చాలామందే ఉన్నారు. నేను ఇక్కడ డ్రెస్ హిస్టరీ చదువుకున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. అందరూ ముందు పట్టుకునేది ఫ్లూగెల్ అనే సైకాలజిస్టుని. ఆయన 1930లో ఏమన్నాడంటే, 18వ శతాబ్దం చివర యూరప్ మగవాళ్ళు పట్టు, జరీ, లేసు, రంగులు అన్నీ వదిలేసి ముదురు రంగు కోటులోకి వెళ్ళిపోయారు, అందంగా కనపడే హక్కు ఆడవాళ్ళకి వదిలేసి తాము పనికొచ్చేవాళ్ళలా కనపడితే చాలనుకున్నారు అని. ఫ్రెంచి విప్లవం తెచ్చిన సమానత్వం ఆలోచన, పని చేసుకుని బతకడమే గౌరవం అనే ఆలోచన దీనికి కారణం అంటాడు. మీ సారు అడిగిన ప్రశ్న కూడా ఇక్కడ పుట్టిందే, మగాడి బట్టకి చరిత్ర లేదు అనిపించేలా చెయ్యడమే ఆ మార్పు సాధించిన పని.

తర్వాతివాళ్ళు ఫ్లూగెల్‌ని ఊరికే ఒప్పేసుకోలేదు. డేవిడ్ కుక్టా 2002లో దీన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్ళాడు. 1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఇకమీదట నేను వెస్టు (బనియను కాదు, కోటు లోపల తొడిగే పొడుగు అంగీ) వేసుకుంటా అని ప్రకటించాడు, అప్పటి లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ డైరీలో ఉంది ఆ సంగతి. త్రీపీస్ సూటు అక్కణ్ణుంచే మొదలంటాడు కుక్టా. సాదాగా ఉండటం మధ్యతరగతివాళ్ళు కనిపెట్టింది కాదు, రాజకీయంగా ఎవరికి అర్హత ఉందో చూపించుకోడానికి పెద్దింటివాళ్ళే ముందు వాడుకున్నారని ఆయన వాదన. క్రిస్టఫర్ బ్రెవర్డ్ 1999లో ఇంకో వైపు నుంచి వచ్చాడు. 1860 నుంచి 1914 దాకా లండన్ మగవాళ్ళు షాపింగే చెయ్యలేదన్నది అబద్ధం, బాగా కొన్నారు, కాకపోతే ఎవరూ వాళ్ళని కొనేవాళ్ళుగా చూడలేదు అని చూపించాడు. 2014 నుంచి అచ్చంగా మగవాళ్ళ ఫ్యాషన్ మీదే ఒక అకడమిక్ జర్నల్ వస్తోంది. ఇక్కడ వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీలో 2016లో మగవాళ్ళ బట్టలకే ఒక ఆర్కైవ్ పెట్టారు, అందులో పెద్ద డిజైనర్ల కోట్లతో పాటు యూనిఫామ్‌లు, పనిబట్టలు కూడా ఉంటాయి, అదే నాకు అందులో బాగా నచ్చింది.

ఇంకోటి, మీరు క్రాపు మీసం కూడా కలపడం మంచిదే. జోఆన్ ఐకర్, మేరీ రోచ్ హిగిన్స్ 1992లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒంటికి చేసే మార్పులు, ఒంటి మీద చేర్చేవి అన్నీ కలిపితేనే డ్రెస్. పచ్చబొట్టు, అత్తరు కూడా అందులోకే వస్తాయి.

లేపాక్షి_బసవ:
అక్క యూరప్ చెప్పింది, నేను మా ఊరి పక్కది చెప్తా. మాది హిందూపురం. లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద బొమ్మలు చూసినారా ఎవరైనా? 16వ శతాబ్దంవి, విరూపణ్ణ వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. ఆ బొమ్మల్లో చీరల అంచులు, చెక్స్ చూసి ఎంతమంది డిజైన్లు తీసుకున్నారో లెక్కలేదు, లేపాక్షి డిజైన్ అంటే చీరే. అదే గోడ మీద మగోళ్ళు కూడా ఉండారు కదప్పా! తల మీద పొడుగాటి కుళ్ళాయి, కొందరి ఒంటి మీద చేతులున్న పొడుగు అంగీ. వాళ్ళని చూసేవాళ్ళు ఎంతమంది?

ఒకాయన చూసినాడు. ఫిలిప్ వాగనర్ అని, 1996లో విజయనగర సామ్రాజ్యం దర్బారు మగవాళ్ళ బట్టల మీదే పెద్ద వ్యాసం రాసినాడు. ఆ పొడుగు అంగీ పేరు కబాయి, టోపీ కుళ్ళాయి. ఈ రెండూ అరబ్బు, పారశీక దేశాల దర్బారుల్నుంచి సుల్తానుల ద్వారా దక్కనుకి వచ్చిన వేషం అంటాడు. ఊహించి చెప్పిన మాట కాదు. 1443లో ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్‌లో ఉన్న హెరాత్ నుంచి రాయబారిగా వచ్చిన అబ్దుల్ రజాక్ రెండో దేవరాయలు పట్టు కబాయిలో కూర్చుని ఉండగా చూసినాడు. 1520 ప్రాంతంలో పోర్చుగీసు పాయెస్ కృష్ణదేవరాయల్ని చూసి బంగారు పూల పని చేసిన తెల్లబట్టలు, జరీ టోపీ, కాళ్ళకి మాత్రం చెప్పులు లేవు అని రాసినాడు. తనతో వచ్చిన ఫిగరెదో అనే పోర్చుగీసాయనకి రాయలు ఒక జరీ కబాయి, తను పెట్టుకునేలాంటి టోపీ ఇచ్చి పంపినాడని కూడా రాసినాడు. రాజు తన లాంటి బట్టలు తొడిగి పంపినాడంటే నువ్వు నా వాడివి అని నలుగురిలో చెప్పినట్టు. ఇంత రాజకీయం ఉంది ఒక అంగీలో, సారు ఏమో ఏముంది అంటాడు.

కృష్ణా_తీరం:
అంటే రాయలవారు సుల్తానుల్ని కాపీ కొట్టారు అంటారా? ఇలాంటి విదేశీ ప్రొఫెసర్లు రాసేవి అన్నీ నమ్మేస్తే ఎలా అండి. మన రాజుల వేషం మనకి తెలీదా, తిరుమలలో విగ్రహం ఉంది కదా.

లేపాక్షి_బసవ:
తిరుమల విగ్రహమే చూద్దాం అన్నా. పడికావలి దాటగానే ప్రతిమా మండపంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఛాతీ మీద అంగీ లేదు, నడుముకి పంచె, తల మీద మాత్రం అదే పొడుగు కుళ్ళాయి! దేవుడి ముందర పై బట్ట తీసేసినాడు, కుళ్ళాయి తియ్యలేదు. వాగనర్ చెప్పేది కూడా ఇదే, గుడికి ఒక వేషం, కొలువుకి ఇంకో వేషం. మతం మారినట్టూ కాదు, లొంగిపోయినట్టూ కాదు. అప్పట్లో బహమనీ నుంచి హెరాత్ దాకా రాజులందరికీ తెలిసిన ఒక దర్బారు భాష ఉండేది, దాంట్లో మేమూ పెద్దవాళ్ళమే అని చెప్పుకోవడం. బుక్కరాయల కాలం నుంచీ హిందూరాయ సురత్రాణ అనే బిరుదు శాసనాల్లో వాళ్ళే వేయించుకున్నారు, అంటే హిందూ రాజుల్లో సుల్తాను అని, వాళ్ళకి దాంట్లో చిన్నతనం కనపడలేదు.

నల్లమల తమ్ముడూ నీకు పనికొచ్చేది ఇది: ఈ మార్పు మగవాళ్ళ బట్టల్లోనే వచ్చింది. ఆడవాళ్ళ కట్టు అట్నే ఉంది. బయట రాజకీయం చేసేది మగవాళ్ళు కాబట్టి బయట ప్రపంచం ముందు వాళ్ళ ఒంటి మీదికి వచ్చింది. ఆడవాళ్ళ బట్టలు మాత్రమే చదివితే విజయనగరంలో ఏ మార్పూ రాలేదు అనుకుంటాం.

పద్యాల_మాస్టారు:
కృష్ణా తీరం గారూ, విదేశీ ప్రొఫెసరుని పక్కన పెడదాం, మన శ్రీనాథుడి పేరు మీద ఉన్న చాటుపద్యం ఉంది కదండీ. కర్ణాటక దర్బారులో, అంటే విజయనగరం కొలువులో, దర్శనం కోసం కుళ్ళాయి పెట్టుకున్నాను, కోక చుట్టుకున్నాను, పెద్ద కూర్పాసం, అంటే అంగీ, తొడుక్కున్నాను, అక్కడి తిండీ తిన్నాను, ఇంకా దయ రాలేదా తల్లీ అని కన్నడ రాజ్యలక్ష్మికే మొర పెట్టుకుంటాడు. చాటువు కాబట్టి అచ్చంగా ఆయనదే అని నేను పంతం పట్టను. కానీ ఆ పద్యం కట్టినవాడికి, విన్నవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు, తెలుగు కవి ఆ దర్బారులోకి వెళ్ళాలంటే ముందు ఆ బట్టల్లోకి వెళ్ళాలి. ఇన్నేళ్ళు ఈ పద్యాన్ని తిండి మార్పు గురించి, కవి కష్టాల గురించే చెప్పుకున్నాం, బట్టల చరిత్రకి ఆధారంగా చదివితే ఎంత ఉందో చూడండి. బాబూ, చాటువుల్ని, శతకాల్ని, యక్షగానాల్ని తప్పకుండా నీ లిస్టులో పెట్టుకో.

కృష్ణా_తీరం:
మాస్టారూ ఆ పద్యం నాకూ నోటికొచ్చు, ఈ కోణంలో ఆలోచించలేదు. సరే, వ్యాసం చదివి చెప్తా.

మూసీ_ఒడ్డు:
హైదరాబాద్ వదిలేసిన్రు మీరంతా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా పురానీ హవేలీల ఉంది, బీరువా అంటే మన ఇంట్ల బీరువా కాదు, రెండంతస్తుల పొడువాటి హాలు మొత్తం చెక్క అల్మారాలే. ఒకసారి తొడిగింది మళ్ళ తొడగకపోయేది అని చెప్తరు. ఆయన కొడుకు ఏడో నిజామేమో పాత షేర్వానీ, పాత టోపీతోని దినాలు గడిపిండు, ఆయన్నే ప్రపంచంల అందరికంటే ధనవంతుడని 1937ల టైమ్ పత్రిక కవర్ మీద ఏసింది. తండ్రి దగ్గర బట్ట అంటే వైభవం, కొడుకు దగ్గరికి వచ్చేసరికి సాదాతనం. శారదక్క చెప్పిన ఫ్లూగెల్ కథ లెక్కనే ఉంది గదా, కానీ ఇక్కడ విప్లవం లేదు, రాజ్యం పోలేదు, మరి ఎందుకు మారింది? ఇది మంచి చాప్టర్ అయితది.

రూమీ టోపీ, అంటే కుచ్చున్న ఎర్ర టర్కీ టోపీ, దాని సంగతి కూడ చూడు. టర్కీల 1925ల చట్టం చేసి ఆ టోపీ బంద్ పెట్టిన్రు, హైదరాబాద్‌ల మాత్రం ఆ తర్వాత కూడ శాన్‌గ పెట్టుకున్నరు, సర్కారు నౌకరీ చేసే హిందువులు కూడ పెట్టుకున్నరు. దర్బారుకు పోవాలంటే నెత్తి మీద దస్తార్ (పాగా), నడుముకు బగ్లూసు (పట్టీ) ఉండాలె. ఫొటోలు కావాలంటే రాజా దీన్‌దయాళ్ ఉన్నడు, ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌ల స్టూడియో. జమీందార్లు, ఆఫీసర్లు, ఫౌజు, ఎవరి టోపీ ఎట్లున్నదో, ఎవరి గుండీ ఎక్కడిదాకున్నదో అన్ని దొరుకుతయి.

గుంటూరు_నీలం:
ఇంతసేపూ రాజులు, నిజాములు, జమీందార్లు. నేను ఇంకో వైపు చెప్తా, కొంచెం కోపంగా ఉంటే ఏమనుకోకండి.

మగాడి బట్టలో ఏముంది అని సారు అడిగాడు కదా, ఏమీ లేకపోతే నిషేధాలు ఎందుకు పెట్టారో ఆయన్నే అడగండి. 1930 డిసెంబరులో తమిళనాడు వైపు రామనాథపురం జిల్లాలో కళ్ళర్ కులంవాళ్ళు ఆదిద్రావిడుల మీద, అంటే అక్కడి దళితుల మీద, ఎనిమిది నిషేధాలు పెట్టారు, అప్పటి జనాభా లెక్కల అధికారి హట్టన్ కులం మీద రాసిన పుస్తకంలో ఎక్కించాడు. మగవాళ్ళ బట్ట మోకాలు కిందికి దిగకూడదు, నడుము పైకి రాకూడదు. కోటు, చొక్కా, బనియను వేసుకోకూడదు. క్రాపు చేయించుకోకూడదు. బనియను కూడా! 1928లో ఇండోరు వైపు బలాయీలనే దళిత కులంవాళ్ళకి పెట్టిన షరతులు, జరీ అంచు పాగా చుట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, అంబేడ్కర్ 1936లో వేసిన కులనిర్మూలన పుస్తకంలో వాటినే ఎత్తి చూపించారు. అంచు ఎంత వెడల్పుంటుంది చెప్పండి, దాని కోసం ఊళ్ళు తగలబెట్టుకునేంత పట్టుదల.

ఇది తెలిస్తే అంబేడ్కర్ సూటు వేరేగా కనపడుతుంది. దొరల వేషం అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డకి మారారు, దాని మీద ఎన్ని పుస్తకాలు! ఎమ్మా టార్లో 1996లో రాసిన పుస్తకంలో కూడా గాంధీ బట్టల మీద పెద్ద భాగమే ఉంది, మంచి పనే, తప్పకుండా చదవాలి. కానీ ఒంటి మీద చొక్కా ఉన్నాయన విప్పితే త్యాగం అన్నారు, వేసుకోనివ్వని వాళ్ళు వేసుకుంటే పొగరు అన్నారు. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న పెట్టిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, 2024 జనవరిలో విజయవాడలో పెట్టింది, రెండూ కోటు బూటుతోనే నిలబడ్డాయి. పల్లెల్లో నీలం కోటు విగ్రహం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు ఫొటో దిగుతాడే, ఆ ఇస్త్రీ గీత మీద ఒక చాప్టర్ రాయి తమ్ముడూ. మా పెద్దవాళ్ళు ఫలానా వీధిలోంచి నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన సంగతి వాళ్ళ నోటితోనే రికార్డు చెయ్యి, ఆ వయసువాళ్ళు ఇంకా ఉన్నారు, ఎన్నాళ్ళుంటారో తెలీదు.

నల్లమల_చదువరి:
నీలం అన్నా, ఇది చదివాక నా ప్రపోజల్ మొత్తం మళ్ళీ రాసుకోవాలనిపిస్తోంది. నేను ఫ్యాషన్ ఎలా మారింది అనే వైపు నుంచి చూస్తున్నా, ఎవరికి ఏది వేసుకునే వీలుంది అనే వైపు నుంచి మొదలెట్టాలి. విజయనగరం కబాయి రాజు ఇస్తేనే ఒంటి మీదకొచ్చేది, ఇక్కడేమో బనియను కూడా ఊరు ఒప్పుకుంటేనే. రెండిట్లోనూ అనుమతి ఇచ్చేవాడు వేరే ఉన్నాడు. మరి ఇప్పటి కాలేజీ కుర్రాళ్ళ మీద ఎవరైనా చేశారా?

బ్యాక్‌బెంచ్_చెన్నై:
చేశారు బ్రో. నకాసిస్ అని చికాగో ప్రొఫెసరు, తమిళనాడు కాలేజీ అబ్బాయిల మీద, స్టైల్ అనే మాట చుట్టూ 2016లో పుస్తకం వేశాడు. చెన్నై మదురై హాస్టళ్ళ గురించి చదువుతుంటే మన హాస్టళ్ళే గుర్తొస్తాయి. చొక్కా మీద పెద్ద బ్రాండ్ పేరు ఉంటుంది కానీ అది ఒరిజినలా డూప్లికేటా అనేది కుర్రాళ్ళు పెద్దగా పట్టించుకోరు, స్పెల్లింగ్ తప్పున్నా ఫర్వాలేదు, కొత్తగా కనపడాలి అంతే. అలాగని మరీ ఎక్కువ చేస్తే ఓవర్ స్టైల్ అని పక్కోళ్ళే దించేస్తారు. అంటే గుంపులో కనపడాలి, గుంపు కంటే పైకి పోకూడదు. మన దగ్గర కూడా "వాడు ఓవర్ చేస్తున్నాడ్రా" అంటాం కదా, హీరో హెయిర్‌స్టైల్ మొత్తం దింపేస్తే నవ్వుతారు, కొంచెం పెడితే ఓకే. తెలుగులో ఇలాంటి ఫీల్డ్‌వర్క్ నాకైతే కనపడలేదు, అర్జెంటుగా ఎవరో ఒకరు చెయ్యాలి.

కాజా_గుండీ:
నమస్తే అందరికి. నేను టైలర్‌ని, కరీంనగర్ దిక్కు. పెద్ద చదువు లేదు గని ఇది మొత్తం చదివిన, నాకు తెలిసింది చెప్త. మా నాయిన కూడ ఇదే పని చేసిండు, మా దుకాణంల కొలతల బుక్కులు ఒక్కటి కూడ పారెయ్యలే. బుక్కుల ఏముంటదంటే తారీఖు, పేరు, ప్యాంటుకైతే పొడువు, నడుము, సీటు, తొడ, మోకాలు, బాటం. చొక్కాకు పొడువు, షోల్డర్, ఛాతి, చెయ్యి, కాలర్. కొన్నిటి పక్కన గుడ్డ ముక్క పిన్ను గుచ్చి ఉంటది, టెర్లిన్, టెరీకాటన్, అన్ని గుర్తుపట్టొచ్చు. ఒక్క బాటం కాలమ్ చూస్కుంట పోతే చాలు, బెల్‌బాటం మా ఊర్లకు ఎప్పుడొచ్చింది, ముందు ఎవరు కుట్టిచ్చుకున్నరు, ఎప్పుడు తగ్గింది అంత ఎర్పడతది. పట్నంల తగ్గినంక కూడ మా దగ్గర ఇంక కొన్ని రోజులు నడిచింది. ముందు కుట్టిచ్చుకునేది పట్నంల చదివే పోరగాండ్లు, తర్వాత సార్లు, ఆఖరికి వాళ్ళ నాయినలు. సఫారీ అయితే ఉల్టా, ముందు ఆఫీసర్లు, ఆ తర్వాత కాంట్రాక్టర్లు, ఆ తర్వాత పెండ్లిపిలగాండ్లు. రెడీమేడ్ వచ్చినంక బుక్కు పలచబడ్డది, ఇప్పుడు మా దగ్గరికి వచ్చేది స్కూల్ యూనిఫాం, పోలీసోళ్ళ డ్రెస్సు, పెండ్లి షేర్వానీ.

శారద_లండన్:
అన్నా మీరు రాసింది నేను రెండుసార్లు చదివాను! బ్రెవర్డ్ లాంటివాళ్ళు పాత కంపెనీల రికార్డులు, ప్రకటనలు, క్యాటలాగులు వెతికి వెతికి కట్టిన చరిత్ర, మీ అటక మీద నేరుగా ఉంది. ఫ్యాషన్ పెద్దవాళ్ళ నుంచి కిందివాళ్ళకి దిగుతుందని వెబ్లెన్, సిమ్మెల్ అనే పాత సమాజ శాస్త్రవేత్తల కాలం నుంచీ అంటూనే ఉన్నారు, సఫారీ అలాగే వచ్చింది, బెల్‌బాటం మాత్రం కుర్రాళ్ళ నుంచి తండ్రులకి ఎక్కింది. ఒక్క దుకాణంలోనే రెండు దారులు కనపడటం చాలా గొప్ప విషయం. నల్లమలా, దీన్ని వదలొద్దు. పక్క ఊళ్ళలో ఇంకో నాలుగు దుకాణాలు కూడా వెతుకు, ఒక్క బుక్కుతో చెప్పేది ఒక్క టైలరు కథే అవుతుంది.

పొందూరు_వడుకు:
ఒక మాట చెప్పాలండి, శ్రీకాకుళం నుంచి. కొలతల పుస్తకంలో కుట్టిన బట్టే ఉంటుంది. పంచె, కండువా, తువ్వాలు, లుంగీ, గోచీ వీటికి టైలరుతో పనేలేదు, అందుకే అవి ఆ పుస్తకాల్లోకి రానేరావు. పొలంలో మనిషి ఒంటి మీద ఉన్నవి ఏళ్ళ తరబడి అవే కదా. బుక్కులు మాత్రమే నమ్ముకుంటే అప్పట్లో మన మగవాళ్ళంతా ప్యాంటులోనే తిరిగారన్నట్టు తేలుతుంది. కుట్టని బట్ట లెక్క కావాలంటే నేసినవాళ్ళ దగ్గరికి, బట్టల కొట్టు జమాఖర్చు పుస్తకాల దగ్గరికి వెళ్ళాలి. మా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, అంత సన్న నూలు తీసి నేసే పంచె ఎవరు కొనేవారు, ఏ అంచు ఎవరికి వెళ్ళేది, ఈ సంగతులు నేతగాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ మాటల్లో దొరుకుతాయి. కట్టే పద్ధతి కూడా చూడాలి, గోచీ పెట్టి కట్టడం వేరు, అడ్డకట్టు వేరు, పనిలో పైకి ఎగ్గట్టడం వేరు, పెద్దమనిషి ఎదురైతే ఎగ్గట్టిన పంచె గబుక్కున దించేవాళ్ళు చూశారా, బట్ట ఒకటే, ఎదురుగా ఉన్న మనిషిని బట్టి పొడవు మారుతుంది.

గుంటూరు_నీలం:
పంచె దించడం, కండువా భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకోవడం, రెండూ రాసుకో తమ్ముడూ. ఎవరి ముందు, ఏ ఊళ్ళో, ఏ ఏడు దాకా అనేది కూడా. పొందూరు గారు సరిగ్గా పట్టుకున్నారు.

మూసీ_ఒడ్డు:
ఫొటోలకు గూడ ఇదే కిరికిరి ఉన్నది జర చూస్కో. స్టూడియోల కోటు, టై తయారుగ పెట్టి ఉంచేటోళ్ళు, ఫొటోల మనిషి ఒంటి మీదున్న కోటు ఆయనది కాకపోవచ్చు. కాకుంటె ఎసొంటి కోటుల కనపడాలని ఉండెనో అది మాత్రం ఎర్కయితది.

నల్లమల_చదువరి:
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇప్పటికి అనుకుంటున్నది చెప్తా: విజయనగరం నుంచి మొదలెడితే నా ఒక్కడి వల్ల కాదు, దాన్ని ముందు చాప్టర్లో చెప్పి, అసలు పని 20వ శతాబ్దం మీద పెట్టుకుంటా. టైలర్ల బుక్కులు, బట్టల కొట్టు లెక్కలు, స్టూడియో ఫొటోలు, పెద్దవాళ్ళ మాటలు, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ. ఎవరికి ఏది వేసుకునే వీలుండేది అన్నదే ముఖ్యమైన ప్రశ్న. కాజా గుండీ అన్నా, మీ బుక్కులు చూడనిస్తారా? పేర్లు ఎక్కడా బయటపెట్టను. కానీ ఎవరు ముందు కుట్టించుకున్నారో తెలియాలంటే మనిషి పనేంటో, ఏ వాడకట్టో తెలియాలి కదా, అది ఎలా చేద్దాం?

కాజా_గుండీ:
రా తమ్మీ, ఎందుకు చూడనియ్య. పేరు జాగల నంబరు రాస్కో, ఆ మనిషి సారా, రైతా, బీడీల కంపెనీ మనిషా, ఏ వాడకట్టు అన్నది నేను పక్కన కూసోని చెప్త, మా నాయినకు నాకంటె ఎక్కువ యాదికున్నది, ఆయన్ని గూడ కూసోబెడ్త. గుడ్డ ముక్కలు గుంజకు, పిన్నులు తుప్పు పట్టినయ్, పట్టుకుంటె చినుగుతయ్, ఫోన్ల ఫొటో తీస్కో. ఇంకోటి, బుక్కుల నడుమ ఉద్దెర ఖాతా గూడ ఉంటది, ఎవరు పైసలు ఎన్ని నెలలకు కట్టిన్రో. పండుగకు చొక్కా కుట్టిచ్చుకోని పంట వచ్చినంక పైసలిచ్చినోళ్ళు మస్తు మంది. అది గూడ రాస్కో, చొక్కా కోసం మనిషి ఎంత అప్పు చేసిండో తెలుస్తది. పెండ్లిళ్ళ సీజన్ల మాత్రం రాకు, అప్పుడు నాకు మాట్లాడ తీరది.